చేత్తో పెంచిన చోటు

ఆ సంస్థలో ఆమెను అందరూ వదిన అనే పిలుస్తారు. ఆమెకంటే వయసులో పెద్దవాడైన అకౌంటెంటు కూడా "వదినగారూ" అంటాడు. గేటు దగ్గర కాపలా మనిషీ అలాగే అంటాడు. నిజానికి అలా పిలిచే హక్కు అక్కడ ఒక్కరికే ఉంది. ఆ ఒక్కరూ ఆమె భర్తకు స్వయానా చెల్లెలు, పైగా ఆఫీసులో ఆమెకు పై అధికారి. ఇంట్లో ఆడపడుచు పెత్తనం చాలక ఆఫీసులో కూడానా అని చుట్టాలు నవ్వితే, "ఇంట్లో అది నా మాట వింటుంది, ఆఫీసులో నేను దాని మాట వింటాను, చెల్లుకు చెల్లు" అనేది వదిన. ఇందులో మొదటి సగం అబద్ధం. ఆ పిల్ల ఇంట్లో కూడా ఎవరి మాటా వినే రకం కాదు.

చూపు లేనివాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే సంస్థ అది. కింది అంతస్తులో నాలుగు చిన్న గదులు, గోడలకు మందపాటి స్పాంజి, మధ్యలో బల్ల, మైకు. చదివేటప్పుడు ఫ్యాను చప్పుడు పడకూడదని స్విచ్చి ఆపేస్తారు. లోపలికి ఇస్త్రీ చొక్కాతో వెళ్ళిన మనిషి అధ్యాయం ముగించి బయటికి వచ్చేసరికి వానలో తడిసినట్టు ఉంటాడు. పై అంతస్తులో కంప్యూటర్ల వాళ్ళు. అక్కడ కిటికీ పక్క బల్ల వదినది.

ఆమె పని చోటు చూడటం. చదివిన ప్రతి అధ్యాయమూ ఒక ఫైలు, మళ్ళీ చదివితే ఇంకో ఫైలు, దగ్గు వచ్చి ఆగిపోయినది కూడా ఒక ఫైలు. వాటన్నిటికీ చోటు చూపించాలి, ఎవరిది ఎవరు తెరవవచ్చో చూసుకోవాలి. ఇదివరకు మెట్ల కింద గదిలో సర్వరు ఒకటి గుర్రుమంటూ ఉండేది. వేసవిలో అది వేడెక్కితే వదిన ఇంటి నుంచి టేబుల్ ఫ్యాను తెచ్చి దానికి పెట్టింది. ఆ నెలంతా ఇంట్లో మొగుడు విసనకర్రతో పడుకున్నాడు. ఇప్పుడా గదిలో చీపుర్లు, బకెట్లు ఉన్నాయి. ఫైళ్ళన్నీ క్లౌడ్‌కి వెళ్ళిపోయాయి. ఎక్కడో ఒక పెద్ద కంపెనీ తన యంత్రాల్లో చోటు అద్దెకిస్తుంది, డిస్కు పాడైతే వాళ్ళే మార్చుకుంటారు. ఎంత చోటు కావాలో, ఎవరికి తలుపు తెరవాలో చెబితే చాలు.

వదిన గురించి ముందే ఒక మాట చెప్పుకోవాలి. అడిగినవాళ్ళకు లేదనడం ఆమెకు చేతకాదు. ఇదంతా మంచితనమని పొంగిపోనక్కర్లేదు. లేదన్నాక ఎదుటి మనిషి మొహం చిన్నబోతుందే, అది చూసే ధైర్యం లేకపోవడం కూడా అందులో సగం ఉంది. ఎవరైనా మెట్లెక్కి వచ్చి "వదినా, చోటు చాలట్లేదు" అనగానే ఆమె చేతులు వాటంతటవే కదిలేవి. వెబ్ పేజీ తెరవడం, అంకె మార్చడం, మీట నొక్కడం. అడిగినవాళ్ళు మెట్లు దిగేలోపు పని అయిపోయేది. ఎవరికి ఎప్పుడు ఏం చేసిందో ఎక్కడా చెప్పేది కాదు. చెప్పుకోవడం ఆమెకు నామోషీ.

మరదలు ఆ టీముకు పెద్దగా వచ్చిన వారంలోనే దీనికి అడ్డుకట్ట వేయబోయింది.

"వదినా, ఇకమీదట చేత్తో ఏదీ చెయ్యొద్దు. ఏం కావాలన్నా కోడ్‌లో రాద్దాం."

"ఒక్క మీట నొక్కితే అయ్యేదానికి కోడ్ రాయడమేంటే?"

"నువ్వు నొక్కిన మీట నీకు గుర్తుంటుంది. రేపు నువ్వు సెలవు పెడితే?"

"నేనెప్పుడు పెట్టాను సెలవు?"

"అదే చెప్తున్నా" అంది మరదలు.

ఆ పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. మనకు ఏమేం ఉండాలో ఒక ఫైలులో వరసగా రాస్తారు. ఫలానా పేరుతో ఒక చోటు, ఇంత పరిమాణం, ఇంతమందికి ప్రవేశం అని. దాన్ని నడిపితే యంత్రం రాసినదాన్నీ క్లౌడ్‌లో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తేడా కనబడితే, ఉన్నదాన్ని మార్చి రాసినదానికి సరిపెడుతుంది. దానికి రాసిందే వేదం. చేసే ముందు మాత్రం ఏమేం చేయబోతోందో ఒక ప్లాను చూపించి, సరేనా అని అడుగుతుంది. సరే అంటే ఇక ఆగదు.

ఆ ప్లాను చూసుకోవడానికి వాళ్ళిద్దరికీ ఒక అలవాటు ఏర్పడింది. మరదలు ఒక్కో వరసా పైకి చదువుతుంది, వదిన ఊ కొడుతుంది. వదిన ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి మరదలికి పదేళ్ళు. తల్లి లేని పిల్ల. మధ్యాహ్నాలు వదిన కథ చెప్పేది, పిల్ల ఊ కొట్టేది. ఊ ఆగిందంటే నిద్రపోయిందని అర్థం. ఇప్పుడు తిరగబడింది. కథ మరదలిది, ఊ వదినది. చూసేవాళ్ళు ముచ్చటపడేవారు. ఊ కొట్టడంలో ఉన్న చిక్కేంటంటే, అలవాటు పడ్డాక వినకపోయినా నోరు దానంతటది కొడుతూనే ఉంటుంది.

ఆ ఏడు కింది గదిలో మాస్టారు ఒక లావుపాటి పుస్తకం చదువుతున్నారు. రిటైరైన స్కూలు మాస్టారు. మనిషి పీలగా ఉంటారు, గొంతు మాత్రం గది నిండుతుంది. కండరాల గురించి, కీళ్ళ గురించి రాసిన పాఠ్యపుస్తకం అది. చూపు లేని పిల్లలు ఫిజియోథెరపీ చదువుతారు. కంటితో చేసే పని వేళ్ళతో చేయడం వాళ్ళకు బాగా వచ్చు. కానీ పుస్తకం వినబడితే గాని వాళ్ళకు పరీక్ష లేదు. ఆ పరీక్ష దగ్గర పడుతోంది. మాస్టారికి గొంతులో ఏదో వాపు. డాక్టరు ఎక్కువ మాట్లాడవద్దన్నాడు. అందుకని రోజుకు కాసేపే చదివేవారు, ఇంట్లో భార్యతో సైగలు చేసేవారు. "మాకు ఇన్నేళ్ళలో ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు" అని ఆవిడ అందట. ఈ సంగతి ఆయనే ఒక కాగితం మీద రాసి వదినకు చూపించి నవ్వారు.

ఒకరోజు మరదలు ఏదో శిక్షణకని వేరే ఆఫీసుకు వెళ్ళింది. మాస్టారు అధ్యాయం మధ్యలో ఉండగా తెరమీద చోటు లేదని వచ్చింది. ఆయన మెట్లెక్కి పైకి వచ్చి, వదిన బల్ల ముందు నిలబడి, గొంతు చూపించి చెయ్యి తిప్పారు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేను అని ఆ సైగకు అర్థం. వదిన మరుక్షణం పేజీ తెరిచింది. మాస్టారి పుస్తకానికి ఉన్న చోటును రెట్టింపు చేసింది. ఆయన దండం పెట్టి కిందికి వెళ్ళి, ఆగిన వాక్యం దగ్గరే అందుకున్నారు.

సాయంత్రం పక్క వాటాలో ఉండే మరదలికి చెబుదామనుకుంది. మరదలు అలసిపోయి వచ్చింది, చెప్పులు ఒకటి గుమ్మంలో ఒకటి గదిలో వదిలి పడుకుంది. ఇంత చిన్నదానికి పిల్లకెందుకు తలనొప్పి అనుకుంది వదిన. మర్నాడు చెబితే "చేత్తో వద్దన్నానుగా" అని ఒక మాట పడాలి. ఆ మర్నాడు కూడా చెప్పలేదు. మూడోరోజుకు అది చెప్పాల్సిన విషయంలాగే తోచలేదు. కోడ్‌లో మాత్రం మాస్టారి చోటు పరిమాణం పాత అంకెగానే ఉండిపోయింది.

తర్వాత కొన్నాళ్ళకు డైరెక్టరుగారు ఒక కోరిక కోరారు. ఏ చోటు ఏ కార్యక్రమానిదో తెలిసేలా అన్నిటికీ తలా ఒక చీటీ తగిలించమన్నారు. కోడ్‌లో ప్రతిదాని కిందా ఒక వరస చేర్చడమే పని. శనివారం మధ్యాహ్నం మరదలు అది రాసి, ప్లాను తెరిచి, కుర్చీ వదిన పక్కకు లాక్కుంది. చదవడం మొదలుపెట్టింది. పిల్లల కథల చోటు, చీటీ చేర్చబడును. ఊ. పాటల చోటు, చీటీ చేర్చబడును. ఊ. వార్తల చోటు, చీటీ చేర్చబడును. ఊ. అన్నీ ఒక్కలాంటివే, ఒకే రాగం. వదిన కళ్ళు కిటికీ బయట ఎదురింటి డాబా మీద దుప్పట్లు ఆరేస్తున్న మనిషి మీద ఉన్నాయి. మాస్టారి చోటు, తీసివేసి తిరిగి కట్టబడును. ఊ. వ్యాకరణాల చోటు, చీటీ చేర్చబడును. ఊ.

చదివింది మరదలే. చదువుతున్న నోటికీ అది వినబడలేదు. వదిన వింటోంది కదా అని ఆమె ధీమా, అది చదివి చూసుకునే ఉంటుంది కదా అని ఈమె ధీమా. మరదలు సరే అని కొట్టింది.

ఆ రకం చోటును పెంచవచ్చు గాని తగ్గించడానికి వీల్లేదు. కోడ్ పాత అంకె చూపిస్తోంది, క్లౌడ్‌లో దానికి రెట్టింపు ఉంది. రాసినదానికి సరిపెట్టాలంటే యంత్రానికి ఒకటే దారి, ఉన్నదాన్ని పడగొట్టి చిన్నది కొత్తగా కట్టడం. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. లోపల ఏముందని దానికి ఎవరూ చెప్పలేదు.

కాసేపటికి మాస్టారు మెట్లెక్కి వచ్చారు. ఈసారి సైగ చేయలేదు.

"అమ్మా, నా పుస్తకం కనబడట్లేదు" అన్నారు.

మరదలు తెర తిప్పి చూసింది. కొత్త చోటు, నిగనిగలాడుతూ, ఖాళీగా. ఎందుకలా అయిందో ఆ గదిలో వదినకు ముందు తెలిసింది. ప్లాను మళ్ళీ తెరిచి చూస్తే ఆ వరస వార్తలకూ వ్యాకరణాలకూ నడుమ తాపీగా కూర్చుని ఉంది. ఆదివారం ఆదివారం ఒక నకలు తీసిపెట్టే ఏర్పాటు ఉండబట్టి సరిపోయింది. మరదలు కోడ్‌లో అంకె పెంచి, చెమటలు కక్కుతూ ఆ నకలును దించింది. పుస్తకం చాలావరకు తిరిగి వచ్చింది. ఆ వారం చదివింది మాత్రం రాలేదు. మోకాలి కీలు, చీలమండ, పాదం. మాస్టారు వారమంతా ఇంట్లో నోరు విప్పకుండా దాచుకున్న గొంతంతా వాటిలో పోసి ఉన్నారు.

గోల విని డైరెక్టరుగారు తన గదిలోంచి వచ్చారు.

"ఎవరివల్ల జరిగిందిది?"

"నావల్లే సార్" అంది మరదలు. "చెరపకుండా తాళం వేసే వరస ఒకటి రాయాలి. రాయలేదు. ప్లాను కూడా సరిగా చూసుకోలేదు."

"ఈ కోడ్ గొడవ నాకు మొదటినుంచీ నచ్చలేదు. సోమవారం నా గదికి రండి, మాట్లాడదాం. వదినగారూ, మీరూ రండి."

వదిన నోరు తెరిచింది. మాట బయటికి రాలేదు. ఆ క్షణంలో రానిది తర్వాత రావడం ఎంత కష్టమో, అలా ఒకసారి మింగినవాళ్ళందరికీ తెలుసు.

ఆదివారం మరదలు భోజనానికి రాలేదు. వాళ్ళ పక్క వాటాలోనే ఒక్కతీ ఉంటుంది, సెలవురోజు తిండి మాత్రం ఇక్కడే. కబురు పంపితే ఆకలి లేదంది. మొగుడు ప్రింటింగు మిషన్లు బాగుచేసే మనిషి, మాటలు తక్కువ. "ఏమైంది మీ ఇద్దరికీ?" అని అడిగి, జవాబు రాకపోతే తన పళ్ళెం తనే కడుక్కుని పోయాడు. వదిన పప్పు డబ్బాలన్నీ దించి, తుడిచి, మళ్ళీ ఎక్కించింది. అన్నీ తుడిచాక కూడా మనసు కుదుటపడలేదు.

తను భయపడుతోందని ఆమెకు తెలుసు. ఉద్యోగం పోతుందని కాదు. వదిన ఉంటే చాలు, వదిన చూసుకుంటుంది అని ఆఫీసులో ఇన్నేళ్ళుగా అందరూ అంటున్న మాట ఒకటుంది. జీతం కంటే ఆ మాట మీదే ఆమె బతుకుతోంది. నిజం చెబితే ఆ మాట పోతుంది. చెప్పకపోతే పిల్ల తలమీద పడుతుంది. పైగా పిల్ల నావల్లే అని తనంతట తనే ఎందుకు అనేసింది? తెలిసి అందా, తెలియక అందా? తెలియక అంటే తను దొంగ. తెలిసి అంటే ఇంకా ఘోరం. ఎవరడిగారు దాన్ని నా తప్పు మోయమని అని ఒక్కసారిగా కోపం ముంచుకొచ్చింది. నన్నొక మాట అడగకుండా, నాకు చెప్పకుండా, నన్ను ఇలా దయతలచడానికి అదెవరు? ఈ కోపానికి ఆమె తనే ఆశ్చర్యపోయింది.

సోమవారం డైరెక్టరుగారి గదిలో మాస్టారు కూడా ఉన్నారు. మెడకు మఫ్లరు, ఒడిలో పుస్తకం. డైరెక్టరుగారు మంచి మనిషే. కాకపోతే తనకు అర్థంకాని వస్తువు చేతిలో పగిలితే, ఆ వస్తువు జాతి మొత్తాన్నీ ఇంట్లోంచి తోసేసే రకం.

"నేను ఆలోచించాను" అన్నారు ఆయన. "ఈ కోడ్ పద్ధతి ఆపేద్దాం. అమ్మాయి తెలివైనది, కాదనను. కానీ ఇంత బాధ్యత మోసే వయసు కాదు. వేరే పని ఇద్దాం. వదినగారి చేతిలో ఉన్నన్నాళ్ళు ఒక్క ఫైలు పోలేదు. ఇక నుంచి అన్నీ వదినగారే, పాత పద్ధతిలోనే చూసుకుంటారు. ఏమంటారు?"

అడక్కుండానే అన్నీ ఒళ్ళో వచ్చి పడుతున్నాయి. ఊరుకుంటే చాలు. మరదలు గోడకేసి చూస్తోంది. ఆమె చెవి పక్కన వెంట్రుకలు తడిగా అంటుకుని ఉన్నాయి. చిన్నప్పుడు ఏడుపు ఆపుకుంటే కూడా అక్కడే చెమట పట్టేది.

"చేత్తోనే పోయింది సార్" అంది వదిన.

"ఏంటి?"

"కోడ్ వల్ల కాదు. నేను చేత్తో చోటు పెంచాను. మాస్టారు అడిగారని. ఎవరికీ చెప్పలేదు, కోడ్‌లో రాయలేదు. రాసి ఉంటే శనివారం ఏమీ జరిగేది కాదు. పోనీ ప్లానైనా విన్నానా అంటే అదీ లేదు. ఈ పిల్ల చదివింది. నేను ఊ అంటూ ఎదురింటి దుప్పట్లు చూస్తున్నాను."

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

"శనివారమే ఎందుకు చెప్పలేదు?"

"భయపడ్డాను."

ఆ తర్వాత మాట్లాడింది మాస్టారు. చిన్న గొంతుతో, ఆగి ఆగి అన్నారు. "అడిగింది నేనేనమ్మా. అది ఒప్పుకుంటాను. కానీ నాకు కోపంగా ఉంది. అమ్మాయి మీదా ఉంది, మీమీదా ఉంది. మళ్ళీ చదువుతాను, చదవక తప్పదు. ఫర్వాలేదు అని మాత్రం నన్నిప్పుడు అనమనకండి." అని పుస్తకం తీసుకుని కిందికి వెళ్ళిపోయారు. వదినకు ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఫర్వాలేదంటే తట్టుకోలేకపోయేది.

వరండాలో మరదలు ఆమెను పట్టుకుంది.

"ఎందుకు చెప్పావు? నేను చూసుకునేదాన్ని కదా."

"నీకు ముందే తెలుసా?"

"శనివారమే తెలిసింది. మాస్టారు వచ్చి చోటు లేదంటే నువ్వు ఇంకేం చేస్తావు? నాకు కాకపోతే ఎవరికి తెలుస్తుంది?"

"మరి నన్నెందుకు అడగలేదే? నాలుగు తిట్టాల్సింది. రెండు రోజులు నన్ను నిప్పుల మీద కూర్చోబెట్టావు. నా తప్పు నువ్వు నెత్తినేసుకుంటే నాకెలా ఉంటుందో ఆలోచించావా?"

మరదలు నవ్వింది. సరదా నవ్వు కాదది.

"ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు వదినా. నేను పది పాసైన ఏడు నీకు వేరే ఊళ్ళో పెద్ద ఆఫీసులో ఉద్యోగం వచ్చింది, నన్ను వదిలి వెళ్ళడం ఇష్టంలేక వద్దన్నావు. ఎవరికీ చెప్పలేదు. నాకెప్పుడు తెలిసిందో తెలుసా? ఎనిమిదేళ్ళ తర్వాత, ఒక చుట్టాల పెళ్ళిలో, పిన్ని నోట. అందరూ 'ఎంత మంచిదో మీ వదిన' అంటున్నారు. నాకు అక్కడినుంచి పారిపోవాలనిపించింది. నన్నడిగితే వెళ్ళమనేదాన్ని. హాస్టల్లో ఉండేదాన్ని. కనీసం నీతో కూర్చుని ఏడ్చేదాన్ని. నువ్వు నాకు ఆ చోటు కూడా ఇవ్వలేదు."

"నీ మంచికే..."

"నా మంచికే. నేనూ ఇప్పుడు నీ మంచికే చేశాను. నీ దగ్గర నేర్చుకున్నదేగా."

వదిన వరండా గోడకు ఆనుకుంది. ఇన్నేళ్ళూ తను ఎవరికో ఏదో చేసిపెట్టి నోరు మూసుకున్నప్పుడల్లా అది ప్రేమ అనుకుంది. ప్రేమే, అబద్ధం కాదు. కానీ అవతలి మనిషి దాన్ని ఎలా మోస్తారో ఆమెకు ఈ రెండు రోజుల్లో తెలిసింది. నిన్న పప్పు డబ్బాలు తుడుస్తూ తనకు వచ్చిన కోపం, ఆ పెళ్ళిలో ఈ పిల్లకు వచ్చిన కోపం ఒకటే. తనకు రెండు రోజులు ఉంది. దీనికి ఎన్నేళ్ళుగా ఉందో!

"తప్పే చేశానే" అంది. "అప్పుడూ, ఇప్పుడూ."

మరదలు కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళింది. వదిన కూడా వెళ్ళింది. ఇద్దరూ మధ్యాహ్నం దాకా పనికి సంబంధించిన మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

డైరెక్టరుగారు కోడ్‌ను ఆపలేదు, మరదలిని మార్చలేదు. జరిగింది జరిగినట్టు రాసి ఇవ్వమన్నారు, ఇంకోసారి జరగకుండా ఏం చేస్తారో కూడా రాయమన్నారు. మరదలు రాసింది. అందులో తాళం వేయకపోవడం తన తప్పు, చేత్తో పెంచి చెప్పకపోవడం వదిన తప్పు, ప్లాను వినకపోవడం ఇద్దరి తప్పు. ఎవరిది వాళ్ళకు పంచింది. వదిన అది చదివి, మొదట మనసు చివుక్కుమన్నా, ఊపిరి కాస్త తేలిగ్గా తీసుకుంది. ఆమె తప్పును ఆమెకు ఇవ్వాలని ఆ ఇంట్లో గాని ఆఫీసులో గాని ఇంతవరకు ఎవరికీ తట్టలేదు.

మాస్టారు మోకాలి దగ్గరినుంచి మళ్ళీ అందుకున్నారు. కొన్నాళ్ళు పైకి చూడకుండా వెళ్ళేవారు, తర్వాత చెయ్యి ఊపడం మొదలుపెట్టారు. పాదం అధ్యాయం పిల్లలకు ఆలస్యంగానే చేరింది. ఒక అమ్మాయి ఫోను చేసి, ముందే పంపి ఉంటే ఇంకోసారి వినేదాన్ని కదండీ అంది. ఫోను ఎత్తింది వదినే. అవునమ్మా, తప్పు మాదేనని చెప్పింది.

ఇక మిగిలింది ఒక పని. చేత్తో మార్చే వీలే ఎవరికీ ఉండకూడదని మరదలు తన కాగితంలో రాసింది. ఎవరికి ఏ అధికారం ఉందో కూడా ఆ కోడ్‌లోనే ఉంటుంది. చోటు మార్చగలవాళ్ళ వరసలో ఉన్నది రెండు పేర్లే.

"నాది నేను తీసేశాను. నీది కూడా తీసెయ్యనా?" అని అడిగింది మరదలు.

"ఉండు, నేనే తీస్తాను."

మెట్ల కింద సర్వరు గుర్రుమనే రోజులనుంచీ ఆ పేరు ఏదో ఒక చోట ఉంటూనే వచ్చింది. వదిన ఆ వరస దగ్గర కర్సరు పెట్టి కాసేపు చూసింది. చెరిపింది. ఇద్దరూ తెరమీదికి వంగి, ప్లానులో ఒక్కో వరసా వేలు పెట్టి చూసుకున్నారు. వదినే సరే అని కొట్టింది. క్షణంలో అయిపోయింది. ఎవరైనా మెట్లెక్కి వచ్చి చోటు చాలట్లేదంటే ఇక ఆమె చేతులు చేయగలిగింది లేదు. రాయాలి, ఇంకొకరికి చూపించాలి, అడగాలి.

మరదలు తన బల్ల దగ్గరికి వెళ్ళబోయి ఆగింది.

"బాధగా ఉందా వదినా?"

అబ్బే అనడానికి వదిన నోరు తెరిచింది. కళ్ళు నిండాయి.

"ఉందే" అంది. "చాలా బాధగా ఉంది. కాసేపు ఇక్కడే కూర్చో."

మరదలు కుర్చీ లాక్కుని కూర్చుంది.